పెట్టెలో పెట్టిన పాత సైట్

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడాది, సుంగై పెటాని అనే ఊరి శివార్లలోని ఒక షూటింగ్ క్లబ్బులో ఆర్మరీ సహాయకురాలిగా చేరాను. ఆ ఉద్యోగం మానేసి ఇప్పటికి చాలా నెలలైంది. సభ్యుల తుపాకులు మా దగ్గరే ఇనుప బీరువాల్లో ఉండేవి. వాటిని తుడవడం, కొత్త పరికరాలు బిగించడం, గురి చూసే సైట్లు సరిచూడడం మా పని. ఆర్మరర్ రహీం గారు తక్కువ మాట్లాడేవారు. నేను ఇంకా తక్కువ.

క్లబ్బు సభ్యుడైన సింహాచలం పెదనాన్న మాకు చుట్టం కాదు. మా తెలుగువాళ్లలో ఆ వయసు మనిషిని అలాగే పిలుస్తాం. లెక్కల టీచరుగా రిటైరయ్యారు. ఆయనది పాయింట్ టూటూ కార్బైన్, అంటే పొట్టి గొట్టంతో తేలిగ్గా ఉండే క్రీడా తుపాకీ. దాని మీద అదనంగా ఉన్నవి రెండే: ఒక తోలు పట్టీ, వెనక పీప్ సైట్. పీప్ సైట్ అంటే సన్నని కన్నం ఉన్న చిన్న బిళ్ల. ఆ కన్నంలోంచి చూస్తే ముందున్న గుర్తూ, దూరంలోని లక్ష్యమూ రెండూ తేటగా కనిపిస్తాయి. వయసు మళ్లిన కళ్లకు అంతకన్నా మేలైనది అరుదు.

ఆ సంవత్సరం రాష్ట్రాల పోటీకి వెళ్లే క్లబ్బు జట్టులో వెటరన్లకు, అంటే వయసు పైబడినవాళ్లకు, ఒక్క చోటే ఉంది. ఆయన ఎప్పుడూ ఆ జట్టులోకి వెళ్లలేదు. ఆరోగ్యం సహకరించే ఆఖరి ఏడాది ఇదేనని ఆయనే రహీం గారితో అన్నారు.

ఎంపికకు ముందు నెలలో ఆయన షష్టిపూర్తి జరిగింది. మామూలుగా ఉంగరమో పట్టుపంచో ఇస్తారు. ఈయనకు తుపాకీ ఇష్టమని ఇంటిల్లిపాదీ తలా ఒక పరికరం ఇచ్చారు. అల్లుడు రెడ్ డాట్ ఇచ్చాడు. అది లోపల ఎర్ర చుక్క వెలిగే అద్దపు సైట్. తమ్ముడు చెంప ఆనించుకునే దిండు, మేనకోడలు గొట్టం కింద బిగించే టార్చి ఇచ్చారు. మావాళ్లలో ఇచ్చిన వస్తువును వాడకుండా పక్కన పెడితే ఇచ్చినవాళ్లను తీసిపారేసినట్టే.

రెడ్ డాట్ బిగించాలంటే ఆ చోట ఉన్న పీప్ సైట్ తీసేయాలి. తీసి డబ్బాలో పెట్టాను. కొత్త సైట్ ఎత్తుగా ఉంది కాబట్టి చెంపదిండూ తప్పలేదు. టార్చితో ముందు బరువు పెరిగింది. నిలబడి కాల్చేటప్పుడు గొట్టం కుడికీ ఎడమకీ ఊగింది.

"ఏటమ్మీ ఇది? సుక్కనుకున్నాను, మిరపకాయలాగ సాగిపోయింది," అన్నారు పెదనాన్న కొత్త సైట్‌లోంచి చూస్తూ.

రహీం గారు నా వైపు చూసి, మీ భాషలో నువ్వే చెప్పు అన్నారు. ఇలాంటప్పుడు ఒక పరీక్ష చేస్తాం. సైట్ గుండా ఫోనుతో ఫొటో తీస్తాం. ఫొటోలో చుక్క గుండ్రంగా వస్తే సైట్ మంచిదే, తేడా కంటిలో ఉంది. తీసి చూపించాను. చుక్క గుండ్రంగా ఉంది.

నాకు నాయనమ్మతో తప్ప తెలుగు మాట్లాడే అలవాటు లేదు. అయినా కూడగట్టుకుని, "పెదనాన్నా, పాతదే మీ కంటికి మంచిది. టార్చి కూడా తీసేద్దాం," అన్నాను.

ఆయన ఫొటో చూసి ఫోను నా చేతికిచ్చారు. "నువ్వు సెప్పింది నిజమే. పాతదైతే నాకు కళ్లు మూసుకున్నా తెలిసిపోతాది. కానీ ఎంపిక రోజు అల్లుడు వస్తాడు సూడ్డానికి. పిల్లడు మనసు కష్టపెట్టుకుంటాడు. ఈ సారికి ఉండనీ లా," అన్నారు, మా ఊళ్లో అందరిలాగే మాట చివర "లా" చేర్చి.

తుపాకీ ఆయనది. ఉండనిచ్చాం.

ఎంపిక రోజున కుటుంబమంతా గ్యాలరీలో కూర్చుంది. పడుకుని కాల్చినంతసేపూ ఫర్వాలేదు. నిలబడి కాల్చే వంతులో గుళ్లు కుడికీ ఎడమకీ చెదిరాయి. ఆ చోటు ఇంకొకరికి వెళ్లింది.

తుపాకీ అప్పగించడానికి అల్లుడితో కలిసి ఆర్మరీకి వచ్చారు. అల్లుడు తమిళమూ తెలుగూ కలిపి మాట్లాడేవాడు.

"మామా, మీ పాతదేది? దాంతోనే కదా మీరు బాగా కొడతారు?"

"నువ్విచ్చింది పెట్టినాను కదా నాయనా."

"అయ్యో మామా! నాకు ఇదేటో తెలదు లా. షాపులో మంచిదన్నారు, కొనేసినాను. మీరు బీరువాలో పెట్టుకున్నా నేను అడుగుతానా?"

పెదనాన్న నవ్వారు. "అడగవా? ఒకమాట నువ్వు ముందే సెప్పుండాల్సింది," అని నా వైపు తిరిగి, పాతది బిగించమన్నారు. బిగించాను. ఖాళీ రేంజిలో నిలబడి ఐదు గుళ్లు కాల్చారు. లక్ష్యం కాగితం మీద పడ్డ ఐదు కన్నాలనూ అరచేతంత ఉండే ఒక రింగిట్ నోటుతో కప్పేయవచ్చు. అల్లుడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మరుసటి ఏడాది పెదనాన్న తుపాకీ లైసెన్సు పొడిగించుకోలేదు.

క్రీడా కార్బైన్‌కు కావలసినవి కొద్దే: భుజానికి సరిగ్గా ఆనే వెనక భాగం, ఒక పట్టీ, కంటికి నప్పే సైట్. ఇది ఎవరైనా చెప్పగలరు. ఆ తరువాత ఎవరు కొత్త పరికరం తెచ్చినా, బిగించే ముందు నేనొక ప్రశ్న అడిగేదాన్ని: ఇది నప్పకపోతే తీసేయడానికి ఎవరికైనా చెప్పాలా? ఎవరి పేరైనా వస్తే, నేను స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే ఆ మనిషికి ఫోను చేసి, తీసేస్తే ఏమైనా అనుకుంటారా అని అడగమనేదాన్ని.