ముప్పై తొమ్మిది డిగ్రీలు

పదవీ విరమణ చేశాక కూడా వారానికి మూడు రోజులు కృష్ణగిరి నుంచి బస్సులో హోసూరు కాలేజీ ల్యాబుకు వెళ్లేదాన్ని. నా దగ్గర ఒక్క పరిశోధక విద్యార్థినే మిగిలి ఉంది, డెంకణికోట దగ్గరి రైతుల పిల్ల. థీసిస్ గడువు ఆ నెలాఖరు. అప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి ఇవ్వరు.

క్వార్ట్జ్ పలక మీద రంగు అణువులను పలుచని పొరగా పరిచి, అవి ఎంత వాలి నిలుచున్నాయో కొలవడం మా పని. కంటికి కనబడని లేజర్ కాంతిని పొర మీదికి పంపుతాం. అణువుల తలలు ఎక్కువగా ఒకే వైపు ఉంటే, రెట్టింపు పౌనఃపున్యంతో సన్నటి పచ్చ కాంతి పుడుతుంది. సగం పైకీ సగం కిందికీ ఉంటే ఏమీ రాదు. లేజర్ ధ్రువణాన్ని, అంటే కాంతి కంపించే దిశను, తిప్పుతూ ఆ పచ్చ కాంతి హెచ్చుతగ్గులు చూసి, వాలు కోణం లెక్కగడతాం.

మొదటి పొరకు ముప్పై తొమ్మిది డిగ్రీలు వచ్చింది. పొరను ఇంకా గట్టిగా నొక్కి పరిచాం, అదే. వేడి మార్చాం, అదే.

"ఏం మార్చినా ముప్పై తొమ్మిదే వస్తా ఉంది మేడమ్. పరేడ్‌లో నిలబడినట్టు నిలబడినాయి."

"నా మాట మా ఇంట్లో ఒకరూ వినరు. నీ మాట కోట్ల అణువులు వింటా ఉండాయి, పో."

ఆమె బస్టాండు దగ్గర మైసూరుపాకు కొనుక్కొచ్చింది. నిలబడే తిన్నాం.

తిరుగు బస్సు శూలగిరి దాటేసరికి ఆ అంకె నన్ను గుచ్చడం మొదలుపెట్టింది. అన్ని మార్పులు చేసినా ఎందుకు కదలదు? మా సమీకరణం అణువులన్నీ ఒకే కోణంలో ఉన్నాయని ముందే నమ్ముతుంది. అలా లేకపోతే? ఇంటికి వచ్చి లెక్క వేశాను. అణువులు చెల్లాచెదురుగా పడి, మొత్తం మీద ఏ కొంచెమో ఒక వైపు మొగ్గితే, సమీకరణంలో ఐదింట మూడు వంతులు వస్తుంది. దాని వర్గమూలాన్ని కోణంగా మారిస్తే ముప్పై తొమ్మిది పాయింట్ రెండు. చెల్లాచెదురుగా పడిన పొర ఏదైనా ఈ అంకే ఇస్తుంది.

నిజం తేల్చాలంటే అదే పొర మామూలు కాంతిని ఏ దిశలో ఎంత పీల్చుకుంటుందో కూడా చూడాలి. క్వార్ట్జ్ పలకలు తక్కువ కాబట్టి కొలవగానే కడిగేయడం మా అలవాటు. కడగకుండా మిగిలింది ఒక్కటే. మర్నాడు పొద్దున దాన్ని కొలిచాం. అన్నీ ముప్పై తొమ్మిదిలోనే నిలబడి ఉంటే నిలువు దిశ వాటా సగానికి మించాలి. మూడు దిశలకూ సమానంగా మూడింట ఒక వంతే వచ్చింది. అంటే ఏ క్రమమూ లేదు.

"మా చేన్లో ఏనుగులు దిగినాక రాగి పైరు పడినట్టా మేడమ్?"

"అంతేనమ్మా."

"అయితే నేను కొలిచింది ఏంది?"

"మొగ్గు ఏ వైపుందో. కోణం కాదు."

"నాలుగో అధ్యాయం?"

"పోయింది."

"ఐదు?"

"అది నాలుగు మీదే కదమ్మా నిలబడింది."

ఆమె కుర్చీలో కూర్చుంది. గొంతు తగ్గించి అడిగింది. "ఇట్లే ఇచ్చేస్తే ఎవురన్నా అడుగుతారా?"

"అడగరు."

అబద్ధం చెప్పి ఆమెను ఆపాలని నాకు అనిపించలేదు. ఆ అంకె అందరికీ ముచ్చటగా కనిపిస్తుంది. నాకే ఒకరోజంతా కనిపించింది.

"మీరు సంతకం పెడతారా?"

"పెట్టను."

ఆమె నా ముఖం చూడలేదు. కంప్యూటర్‌లో ఆ రెండు అధ్యాయాలూ తీసేసింది. మిగిలినదానికి పట్టా రాదని ఇద్దరికీ తెలుసు. కొత్త పొరలు పరిచి మళ్లీ కొలవడానికి ఏడాదైనా పడుతుంది. ఉన్నది పదకొండు రోజులు.

అప్పుడే వాళ్ల నాయన ఫోన్ చేశాడు. ఆయన గొంతు నాకూ వినబడింది.

"అయిపోయిందా పాపా?"

"అయిపోయింది నాయినా. ఇంటికి వస్తా ఉండాను."

"డాక్టరమ్మ అయిపోయినట్టేనా?"

"వచ్చి చెప్తాను."

ఆమె సంచి తీసుకుని వెళ్లింది. గుమ్మం దాకా వెంట వెళ్లాను. గడువు రోజు, ఆ నెలాఖరు, సోమవారం పడింది, నేను ల్యాబుకు వెళ్లే రోజే. ఆ రోజు నేను ల్యాబుకు వెళ్లలేదు.