పది గళ్ల చదరంగం

నిన్న పెనుకొండలో మా ఇంట్లో కూర్చొని మావాడు ఫోన్లో పది గళ్ల చదరంగం చూపించాడు. "అన్నీ కొత్త పావులమ్మా, నువ్వెప్పుడన్నా చూసినావా?" అన్నాడు. ఎక్కడి నుంచో పట్టుదారం వాసన వచ్చింది.

తొంభైల్లో ధర్మవరం మగ్గాల ఇళ్లలో పెరిగినవాళ్లకు చీర అంచు డిజైన్ గీసే గ్రాఫు కాగితం గుర్తుండే ఉంటుంది. దాంట్లో పది గళ్లకొక లావు గీత ఉంటుంది. చదరంగానికీ గళ్లు పదేనని అక్కా నేనూ అట్టమీద అలాగే గీశాం. తీరా పేర్చితే వెనక వరసలో చెరో రెండు పావులు, ముందు చెరో రెండు బంట్లు తక్కువయ్యాయి. అక్క బంట్లకు చింతగింజలు పెట్టి, దారం అయిపోయిన కండెలు తెచ్చి మూలల్లో నిలబెట్టింది.

"కండె ఒక్క ఎత్తుకే ఆ చివరికి పోతాది. మళ్లా ఎత్తుకు ఈడికే రావల్ల. మగ్గంలో అటూ ఇటూ తిరిగేదే కదా!" అంది.

ఆ ఎండాకాలం అక్కకు జ్వరం తగ్గలేదు. జ్వరంతోనే ఆడుతూ తన కండెను నా వైపుకు పంపింది. నేను నా బంటును జరిపేసరికి నాయన ఆటో తెచ్చాడు. ఆసుపత్రికి పోతూ అక్క వెనక్కి తిరిగి, "పావులు కదిలించొద్దు పాపా. ఎత్తు నాది, వచ్చి ఆడతా" అంది.

అక్క రాలేదు. అవ్వ ఆ అట్టమీద గంప బోర్లించింది. మగ్గం అమ్మేసేదాకా దాన్ని ఎవరూ ఎత్తలేదు. ఎత్తిన రోజు కూడా కండె నా వైపే నిలబడి ఉంది.

"ఆడమ్మా, ఎత్తు నీదే" అన్నాడు మావాడు.

నాది కాదురా, మా అక్కది.