నూట డెబ్బై ఆరు, నాటౌట్

రోజూ దేవుడి దగ్గర దీపం పెట్టే మనిషిని కాబట్టి దయ్యాలను కూడా నమ్ముతాననుకుంటారు చాలామంది. నమ్మను. చిన్నప్పుడు కూడా నమ్మలేదు. మా ఇంట్లో ఎవరికీ పూనకాలు రాలేదు, ఎవరూ తాయెత్తు కట్టించుకోలేదు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కూడా దయ్యం లేదు. ఒక పుస్తకం, ఒక నోటుబుక్కు, ఒక అంకె ఉన్నాయి. ఆ అంకె సంగతే ఇన్నేళ్లయినా నాకు తేలలేదు.

నేను పెరిగింది ఉయ్యూరులో, అమ్మమ్మ తాతయ్యల దగ్గర. ఎనిమిదో ఏట కీళ్లవాతపు జ్వరం వచ్చి గుండె కాస్త బలహీనపడింది. ఎక్కువ నడవకూడదన్నారు డాక్టరు గారు. బెజవాడలో అమ్మానాన్నలు నన్ను బడి మాన్పించారు. తాతయ్య చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బళ్లను తూచే కాటా గుమస్తాగా చేసి అప్పుడే రిటైరయ్యారు. "అమ్మడిని నాకిచ్చెయ్యండి, నేను చదివిస్తా" అని తెచ్చుకున్నారు. నాకు వచ్చిన నాలుగు ముక్కలూ ఆయన పెట్టిన భిక్షే.

అందరికీ సెలవులొస్తే నాకు అసలు బడి మొదలయ్యేది. వేసవిలో తమ్ముడు మురళి బెజవాడ నుంచి వచ్చి నెలన్నర ఉండేవాడు. వాడొస్తే ఇంట్లోకి క్యారమ్ బోర్డు, అష్టాచెమ్మా గవ్వలు, అద్దె పుస్తకాల షాపు నవలలు అన్నీ ఒకేసారి వచ్చిపడేవి. రెండు మూడు ఆదివారాలు వీసీపీ అద్దెకు తెచ్చి, కిటికీలకు దుప్పట్లు కట్టి, పట్టపగలే సినిమాలు చూసేవాళ్లం. తాతయ్య దేన్నీ వద్దనేవారు కాదు. కానీ సినిమా అయ్యాక కథంతా ఒక పేజీలో రాసి చూపించాలి. నవల చదివితే అందులో ఎవరిది తప్పో చెప్పాలి. క్యారమ్ లెక్కలు నోటితోనే కూడాలి.

"సెలవుల్లో కూడా పిల్లల్ని తూచడం మానరా ఏవండీ?" అనేది అమ్మమ్మ.

"తూచకపోతే బండి ఖాళీదో నిండుదో ఎలా తెలుస్తుందే?" అనేవారాయన.

మురళికి అన్నిటికన్నా ఇష్టమైన ఆట పుస్తకం క్రికెట్. ఆ రోజుల్లో ఆడని పిల్లలు లేరు. కళ్లు మూసుకుని పుస్తకం తెరవాలి. ఎడమ వైపు పేజీ నంబరులో చివరి అంకె ఎంతయితే అన్ని పరుగులు. ఎనిమిదొస్తే మా లెక్కలో ఒక్క పరుగే. సున్నా వస్తే అవుట్. మురళి జట్టులో మా చుట్టాలే ఆటగాళ్లు. నాన్న, మావయ్య, పెద్దమ్మ, అమ్మమ్మ, నేను, అందరం ఉండేవాళ్లం. ఒకరు అవుటయ్యాకే ఇంకొకరు. తాతయ్య ఎప్పుడూ పదకొండోవాడు. "కాటా మూసేవాడు ఆఖర్నే రావాలిరా" అని తన చోటు తనే ఎంచుకున్నారు. సాయంత్రం కుర్చీలో కూర్చుని "నా స్కోరెంత?" అని అడిగేవారు. ఎప్పుడూ పదో పన్నెండో. ఒకసారి మొదటి బంతికే అవుటైతే మురళి పొట్టపట్టుకుని నవ్వాడు.

నాకు పద్నాలుగేళ్లు, వాడికి పదేళ్లు ఉన్నప్పటి వేసవిలో తాతయ్యకు కడుపులో పుండు పగిలింది. తెల్లవారుజామున మెలికలు తిరిగిపోయారు. మావయ్య కారు మాట్లాడి బెజవాడ తీసుకెళ్లాడు. గవర్నర్‌పేటలో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆపరేషన్. వయసు ఎక్కువ, ఒంట్లో విషం పాకింది, ఏమీ చెప్పలేమన్నారట. అమ్మమ్మకు ఈ చివరి మాట చెప్పలేదు. పక్కింటి సుబ్బాయమ్మ గారి ఫోనుకు నాన్న చేస్తే ఎత్తింది నేను కాబట్టి నాకు తెలిసింది. నేను మురళికి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

ఆ పొద్దున అమ్మమ్మ పూజగదిలోకి వెళ్లింది. నేను కూరలు తరుగుతూ కూర్చున్నాను. మురళి ఎవరూ చెప్పకుండానే తలస్నానం చేసొచ్చి, తడిజుట్టుతో, తాతయ్య వ్యాసపీఠం మీదున్న పారాయణ గ్రంథాన్ని రెండు చేతులా ఎత్తి తెచ్చాడు. ఎర్ర అట్ట, వెయ్యి పేజీల పైచిలుకు. ఒక పద్యం, కింద తాత్పర్యం. నేను చదవడం నేర్చుకున్నదే అందులో. స్నానం చేయకుండా ఎవరూ ముట్టుకునేవాళ్లం కాదు.

"ఒరేయ్, అదెందుకురా? కళ్లు పోతాయి" అన్నాను.

"స్నానం చేశాను గదక్కా. నవలలు పల్చగా ఉన్నాయి. తాతయ్య ఆడేది తాతయ్య పుస్తకంతోనే ఆడాలి."

నేను ఆపలేదు. ఆపకపోవడమే కాదు, పెన్సిలు పట్టుకుని నోటుబుక్కులో నేనే రాశాను.

ఇక్కడ జరిగింది జరిగినట్టు చెబుతాను. మొదటి పదిమందీ మామూలుగానే ఆడారు. నాన్న నాలుగో బంతికి అవుట్. మావయ్య రెండో బంతికి. నేను ఏడు పరుగులు. పదిమందీ కలిసి డెబ్బై కూడా చేయలేదు. అదే పుస్తకం, అవే చేతులు. పదోవాడు అవుటయ్యాక గడియారం చూశాను. తొమ్మిదీ పది.

తరువాత తాతయ్య వచ్చారు. నాలుగు. రెండు. ఆరు. ఒకటి. మళ్లీ ఆరు.

యాభై దాటేదాకా ఇద్దరం ఉత్సాహంగానే ఉన్నాం. వంద దాటాక మురళి తెరిచే ముందు పుస్తకాన్ని కళ్లకద్దుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కో బంతికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటున్నాడు. ఆపేద్దామంటే భయం, తెరవాలంటే భయం. అమ్మమ్మ పూజ ముగించుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఓరి భడవా! దేవుడి పుస్తకంతోనా మీ ఆటలు?" అని చెయ్యెత్తింది. నోటుబుక్కులో తాతయ్య పేరు, దాని పక్కన వరసగా అంకెలు చూసింది. ఎత్తిన చెయ్యి దించి, "ఎంతయింది?" అని అడిగింది. మా పక్కనే చాప మీద కూర్చుండిపోయింది.

యాభై నాలుగు సార్లు తెరిచాడు. ఒక్క సున్నా రాలేదు. యాభై అయిదోసారికి పేజీల మధ్య వేలు పెట్టి ఉండగా గోడ అవతల నుంచి సుబ్బాయమ్మ గారి కేక వినిపించింది.

"ఏవమ్మోయ్! బెజవాడ నుంచి ఫోనొచ్చింది! ఆపరేషన్ అయిపోయిందంట, గండం గడిచినట్టేనంట!"

"మూసెయ్‌రా" అన్నాను. మురళి వేలు లాగేసి పుస్తకం మూసేశాడు. పరుగులన్నీ కూడాను. నూట డెబ్బై ఆరు. మళ్లీ కూడినా అంతే. అప్పుడు టైము పదకొండున్నర.

మూడో రోజు అమ్మమ్మ, మేమిద్దరం బస్సెక్కి బెజవాడ వెళ్లాం. నోటుబుక్కు ఉయ్యూరులోనే, మురళి సంచీలో ఉంది. స్కోరు సంగతి మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. నాన్నకు మేం చెప్పలేదు, ఫోనులో అలాంటివి చెప్పే సందర్భమా? మేం వెళ్లేసరికి తాతయ్య ముక్కులో గొట్టంతో పడుకుని ఉన్నారు. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఒక్క మాటా సరిగా మాట్లాడలేదట. కళ్లు తెరిచినా ఎవరినీ గుర్తుపట్టడం లేదని నాన్న బయటే చెప్పారు.

మంచం దగ్గరికి వెళ్లాం. అమ్మమ్మ నోరు తెరవక ముందే ఆయన కళ్లు తెరిచారు. మురళి వైపు చూశారు. గొంతు గరగరలాడుతోంది, కానీ మాట స్పష్టంగా ఉంది.

"నూట డెబ్బై ఆరు దగ్గర ఆపేశారేంరా?"

మురళి నా వెనక్కి వచ్చి నా లంగా పట్టుకున్నాడు. అమ్మమ్మ నా వైపు చూసింది. నాన్న మాత్రం నవ్వి, "మత్తింకా దిగలేదు. కాటా దగ్గరున్నట్టున్నారు, ఏదో బండి నంబరు" అన్నారు. అదీ నిజం కావచ్చు. చెరుకు సీజనులో బళ్లకు వరస నంబర్లు ఉండేవి. నిద్రలో నంబర్లు పలవరించడం తాతయ్యకు పాత అలవాటే. తరువాత అడిగితే అలా అన్నట్టే తనకు గుర్తు లేదన్నారు.

నాన్న చెప్పిన కారణాన్ని నమ్మాలని చాలా ప్రయత్నించాను. నమ్మలేక ఒక తప్పు చేశాను.

తాతయ్య ఇంటికి వచ్చేలోపే ఆ గ్రంథాన్ని పాత పట్టుచీరలో చుట్టి ట్రంకు పెట్టె అడుగున దాచేశాను. మురళిదీ అదే భయం. మళ్లీ ఎవరైనా తెరిస్తే, ఆ యాభై అయిదో బంతి పడితే, అది సున్నా అయితే? బడి తెరిచే రోజులొచ్చి వాడు బెజవాడ వెళ్తూ నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు. "ఎవర్నీ తెరవనియ్యకక్కా" అన్నాడు.

తాతయ్య లేచి కూర్చోగలిగిన మొదటి రోజే పుస్తకం అడిగారు. "అట్ట ఊడింది తాతయ్యా, బైండింగుకు ఇచ్చాం" అన్నాను. నాకు అక్షరాలు దిద్దించిన మనిషితో నేనాడిన మొదటి అబద్ధం అది.

ఆయన ఇంకేమీ అడగలేదు. పొద్దున్నే స్నానం చేసి ఖాళీ వ్యాసపీఠం ముందు కూర్చునేవారు. వచ్చినంత మేర నోటికే చదువుకునేవారు. మధ్యలో ఎక్కడో ఆగిపోయేవారు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవారు. మళ్లీ అక్కడే ఆగేవారు. నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని. ఆ తరువాతి పాదం నాకు వచ్చు, ఆయన నేర్పిందే. అయినా అందించేదాన్ని కాదు. ఆయన ప్రాణం కాపాడుతున్నానని అనుకుంటూ, ఆయన దేనికోసం బతుకుతున్నారో దాన్నే పెట్టెలో పెట్టి తాళం వేశాను. పద్నాలుగేళ్ల పిల్లకు ఆ బరువు తెలుస్తుంది. మోయడమే చేతకాదు.

పన్నెండో రోజున పుస్తకం తీసి, ఆయన ముందు పెట్టి, ఏడుస్తూ అంతా చెప్పేశాను. నూట డెబ్బై ఆరు సంగతి కూడా.

తిడతారనుకున్నాను. తాతయ్య మాత్రం, "యాభై నాలుగు బంతులా! మీ అమ్మమ్మ ఎంత కొట్టింది?" అని అడిగారు.

"మూడు."

"అద్గదీ" అని, కుట్లు నొప్పి పుడుతున్నా నవ్వారు.

పుస్తకం పీఠం మీద పెట్టుకున్నారు. నేను కళ్లు మూసుకున్నాను. పేజీలు విప్పిన చప్పుడు వినిపించింది. "కళ్లు తెరువమ్మడూ" అన్నారు. తెరిచాను. ఎడమ పేజీ పై మూల, సరిగ్గా నంబరుండే చోట ఆయన బొటనవేలు ఉంది.

"అంకె తియ్యండి తాతయ్యా, చూస్తాను."

"అంకె పేజీలు కుట్టేవాడి కోసమే. మనకు పద్యం. చదువు."

చదివాను. ఆ వేలు పద్యం అయిపోయేదాకా కదల్లేదు.

ఆ తరువాత తొమ్మిదేళ్లు బతికారు. రోజూ ఆ పుస్తకం తెరిచారు. ఎన్ని సున్నాలు వచ్చి ఉంటాయో. నేను ప్రైవేటుగా పదో తరగతి, ఇంటరు పాసయ్యాను. మురళి హైదరాబాదులో కంప్యూటర్ చదువులో చేరాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా మళ్లీ క్యారమ్, సీడీలో సినిమాలు, ఎవరిది తప్పో చెప్పమనే తాతయ్య. పుస్తకం క్రికెట్ మాత్రం ఇద్దరం ఎప్పుడూ ఆడలేదు. ఆ తొమ్మిదేళ్లూ నాకు అదనంగా దక్కాయనే అనుకుంటాను. రోజూ దీపం పెట్టేటప్పుడు అదే చెప్పుకుంటాను.

ఒక కార్తీకమాసపు పొద్దున పాలు కాచి తీసుకెళ్లేసరికి తాతయ్య గోడకు ఆనుకుని ఉన్నారు. కళ్లద్దాలు అలాగే ఉన్నాయి. ముందు పీఠం మీద గ్రంథం తెరిచే ఉంది. పిలిచాను. పలకలేదు. నొప్పి పడిన జాడ ముఖంలో ఎక్కడా లేదు.

ఎడమ చెయ్యి పుస్తకం మీదే ఉంది. బొటనవేలు ఎడమ పేజీ పై మూల మీద ఉంది.

ఆ వేలు నేనే తీయాల్సి వచ్చింది. తీసేముందు కళ్లు మూసుకున్నాను. పేజీల మధ్య ఒక తులసిదళం పెట్టి పుస్తకం మూశాను.

కర్మలన్నీ అయ్యాక మురళి పెరట్లో నన్ను ఒక్కదాన్నే పట్టుకుని అడిగాడు. "ఏ పేజీ అక్కా?"

"చూళ్లేదురా."

వాడు నూతి గట్టు మీద కూర్చున్నాడు. తరువాత ఆ పాత నోటుబుక్కు అడిగి తీసుకున్నాడు. నూట డెబ్బై ఆరు పక్కన, నాటౌట్ అయినవాళ్లకు పెట్టే నక్షత్రం గుర్తు పెట్టి తిరిగి ఇచ్చాడు.

వాడు లెక్కల మనిషి. యాభై నాలుగు సార్లు సున్నా రాకపోవడం అరుదేగానీ అసాధ్యం కాదంటాడు. పాత బైండింగు కొన్ని చోట్లే తెరుచుకుంటుందంటాడు. మరి మిగతా పదిమందీ ఎందుకు అవుటయ్యారంటే మాట మార్చేస్తాడు. ఆస్పత్రి మంచం మీద తాతయ్య అన్న అంకె గురించి అడిగితే, "బండి నంబరే అయ్యుంటుందిలే అక్కా" అంటాడు. అన్నప్పుడు నా కళ్లలోకి చూడడు.

ఇప్పుడు ఆ గ్రంథం నా దగ్గరే ఉంది. ఏటా మొదటి నుంచి చివరిదాకా పారాయణ చేస్తాను. తులసిదళం ఎండి, నలిగి, కాగితం మీద ఆకు ఆకారంలో గోధుమరంగు మరక మిగిలింది. దానికి ముందున్న పేజీ చూసుకుంటే దాని నంబరు ఇట్టే తెలిసిపోతుంది కదా అంటాడు మురళి. నిజమే. తెలిసిపోతుంది.

కానీ ఆ మరక ఉన్న పేజీ దగ్గరికి వచ్చేసరికి, నా ఎడమ చేతి బొటనవేలు నాకు తెలియకుండానే పై మూల మీదికి వెళుతుంది. పద్యం అయ్యేదాకా అక్కడే ఉంటుంది.