గుమ్మం వైపు గడి

మొన్న రాజమండ్రిలో బంధువుల పెళ్లికి వెళ్లి, భోజనాల వేళ ఓ గుండ్రబల్ల ముందు ఒంటరిగా కూర్చున్నవాణ్ణి, దాని మీద పరిచిన లేసుగుడ్డను చూసి నీళ్లు తాగడం మరిచిపోయాను. అది మిషను మీద అల్లిన నైలాను లేసే, కాని అందులోని కొబ్బరిమట్ట అల్లిక మా ఇంటిది. నాలుగు భాగాల్లోనూ, నిండి ఉండవలసిన చోట ఒక్కో గడి ఖాళీగా ఉంది. అవి ఎందుకు ఖాళీగా ఉన్నాయో చెప్పగలవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను.

నరసాపురం దగ్గర మా ఊళ్లో మా ఇంటిని దివాణం అనేవారు. నేను పుట్టేనాటికి ఆ మాట, ఎత్తయిన గోడలు, నాన్నగారి నిటారైన నడక తప్ప ఇంకేమీ మిగల్లేదు. అమ్మ లేసు అల్లితేనే ఇల్లు గడిచేది. లేసు ఏజెంటు ఆవిడ పెరటి గుమ్మంలోంచి వచ్చి, పెరటి గుమ్మంలోంచే వెళ్లేది. దివాణం ఆడవాళ్లు అమ్మకానికి పనిచేస్తారని ఊరందరికీ తెలుసు. తెలియనట్టు ఉండటం వాళ్ల మర్యాద, తెలియదని నమ్మినట్టు ఉండటం మా మర్యాద.

కొబ్బరిమట్ట అల్లిక నాయనమ్మ అమ్మకు నేర్పినది. ఎంత పెద్ద గుడ్డ అల్లినా అందులో ఒక్క గడి నింపకుండా వదిలేవారు, చంటిపిల్ల బుగ్గ మీద దిష్టిచుక్క పెట్టినట్టు. నాయనమ్మ కాలంలో ఆ గుడ్డ మా హాల్లోనే ఉండేదట. వచ్చేవాళ్ల చూపు ముందు దాని మీదే పడాలని, ఆ గడిని గుమ్మం వైపుకు తిప్పి పరిచేవారట.

తొంభైల మొదట్లో నేను బొంబాయిలో ఒక బీమా ఆఫీసులో కొంతకాలం పనిచేసి, నాన్నగారి జబ్బు కారణంగా తిరిగొచ్చి, రాజమండ్రిలో ఒక కంప్యూటరు సెంటరులో పాఠాలు చెప్పుకుంటూ వారం వారం ఇంటికి వచ్చేవాణ్ణి. బొంబాయి నుంచి వెంట తెచ్చుకున్న ఆస్తి ఏపీఎల్ అనే కంప్యూటరు భాష ఒక్కటే. మిగతా భాషల్లో ఒక్కో అంకెనూ చెయ్యిపట్టి నడిపించాలి. ఇందులో పట్టిక మొత్తం ఒకే వస్తువు. పక్కదుప్పటిలా దాన్ని తిప్పమన్నా, బోర్లించమన్నా, ఇంకోదానికి అతకమన్నా ఒక్కొక్క గుర్తు చాలు. ఆ గుర్తులు మామూలు మీటల మీద ఉండవు కనుక చిన్న స్టిక్కర్లు అంటించుకునేవాణ్ణి. సెంటరులో అందరూ నవ్వేవారు.

అప్పటికే అమ్మ చూపు మందగిస్తోంది. ఆ అల్లిక ఏ కాగితం మీదా లేదు, ఆమె వేళ్లలోనే ఉంది. ఆమెతోనే అది పోతుందన్న దిగులుతో, ఆమె చేతిలో సగంలో ఉన్న గుడ్డ నుంచి పావుభాగం గళ్లు రాసుకున్నాను. నిండుగడికి ఒకటి, ఖాళీ గడికి సున్నా. మిగతా మూడు భాగాలూ దాని అద్దపునీడలే కదా అని ఏపీఎల్‌లో ఒకే ఒక్క వాక్యం రాశాను. సెంటరులో ప్రింటరు కిర్రుమంటూ నిండుగుడ్డను కాగితం మీదికి దించింది. దాన్ని ఇంటికి తెచ్చి, ఆ వాక్యం కుడి నుంచి ఎడమకు నడుస్తుందని చెబితే, అమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. "మేమూ కుడినుంచేగా అల్లేది" అంది. కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసి నవ్వింది.

"నాలుగు బుగ్గలకీ చుక్క పెట్టావేంట్రా అబ్బాయ్. నాలుగుంటే అది దిష్టి కాదు, డిజైను."

నేను మళ్లీ కూర్చుని మూడు గళ్లు నింపి రెండో కాగితం తెచ్చాను. కొత్తవాళ్లకు నేర్పుకుంటానని ఏజెంటు ఆవిడ అడిగినప్పుడు, అమ్మ మొదటి కాగితాన్నే పెరటి గుమ్మంలోంచి అందించమంది. అసలుదైన రెండోది గడప దాటకూడదంది. ఆ మాటంటున్నప్పుడు ఆమె వెన్ను కూడా నాన్నగారి వెన్నులాగే నిటారుగా ఉంది. నాకు గర్వంగా అనిపించింది.

ఆ తర్వాత అమ్మ చూపు పూర్తిగా పోయింది, కొన్నేళ్లకు అమ్మా పోయింది. అల్లినవన్నీ అమ్మినవే కనుక ఇంట్లో ఒక్క ముక్కా మిగల్లేదు. రెండో కాగితాన్ని చెదలు తిన్నాయి, ఫ్లాపీకి బూజు పట్టింది. ఆ వాక్యం మాత్రం నాకిప్పటికీ నోటికొచ్చు. దానికి అందించవలసిన గళ్లే నా దగ్గర లేవు. గడప దాటనివ్వని అసలుది మట్టిలో కలిసింది. మేము లోకానికి విసిరేసిన పొరపాటు మాత్రం పెళ్లిళ్లన్నీ తిరుగుతోంది.

బల్ల మీది స్టీలు గ్లాసులు దగ్గరకు లాక్కుని, మూడు ఖాళీ గళ్ల మీద మూడింటిని పెట్టి, గుమ్మం వైపున్న గడిని మాత్రం తెరిచి ఉంచాను. వడ్డించే అతను ఆగి, "ఇంకా ఎవరైనా వస్తారాండి?" అన్నాడు.

"లేదు నాయనా" అన్నాను.

అతను నా ముందు ఆకు వేసి, గ్లాసులు మూడూ తీసుకెళ్లి పక్కబల్ల మీద సర్దాడు.