తెర ఆరిపోయిన కంప్యూటరు

నా చిన్నప్పుడు కంప్యూటరంటే చెప్పులు విప్పి చూడాల్సిన వస్తువు. మా మనవరాలు కుడిచేత్తో అన్నం కలుపుకుంటూ ఎడమచేత్తో ఫోను తోసుకుంటూ పోతుంది. దానికి ఈ మాట చెబితే నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. నేను చదివింది అయిదో తరగతి, అదీ పూర్తిగా కాదు. అయినా ఒక పాత కంప్యూటరు దగ్గర నేర్చుకున్న ముక్కతోనే ఇన్నేళ్ళు సంసారం ఈదుకొచ్చాను. ఈవిడేం ముసలిదని ఈ కబుర్లు చెబుతోంది అనుకోకండి. మా ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు తొందరగా అయిపోయేవి, అమ్మమ్మతనం కూడా తొందరగానే మీదపడింది.

అప్పట్లో మేం కంచరపాలెంలో రైలు పట్టాల వారనే ఉండేవాళ్ళం. మా నాన్న పోర్టులో కళాసీ. చెల్లెలు పుట్టాక ఇంట్లో ఇంకో జత చేతులు కావాలని నన్ను బడి మాన్పించారు. పక్కింట్లో ఒక అక్క ఉండేది, మా వైపు అప్ప అని పిలుస్తాం. వీధి చివర టైపింగ్ షాపులో పని ఆవిడది. పొద్దున్న ఆ షాపు వాకిలి ఊడవడం, మధ్యాహ్నం ఆవిడకి క్యారేజీ పట్టుకెళ్ళడం నా వంతు. పట్టుకెళ్ళాక తిరిగి రాబుద్ధి అయ్యేది కాదు.

ఆ షాపాయన్ని వీధంతా మావయ్య అనేవాళ్ళం. ఉన్న టైపు మిషన్లలో రెండు అమ్మేసి, ఏదో ఆఫీసువాళ్ళు వద్దనుకున్న కంప్యూటరొకటి కొనుక్కొచ్చాడు. దానికి పసుపు కుంకుమ పెట్టాడు. ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దానివైపే తిప్పాడు. మనుషులకి చెమటలు, దానికి గాలి. "మావా, నీ పెళ్ళాన్ని కూడా ఇంత బాగా సూసుకోనేదు కదా" అని దారినపోయేవాళ్ళు దెప్పేవారు.

దాని రూపం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఇనప్పెట్టెకున్నట్టు దానికి ముందువైపు తాళం, తాళంచెవి ఉండేవి. పైన బస్తాలా బరువైన టీవీ లాంటిది, నల్లటి తెర, దానిమీద లేత పచ్చగా అక్షరాలు. బొమ్మల్లేవు, రంగుల్లేవు. మౌసు అంటారే, ఆ ఎలక అనేదే లేదు, అన్నీ మీటలతోనే. పెట్టెకి రెండు అరలుండేవి. వాటిలో పలకల్లాంటి నల్లటి ఫ్లాపీలు దూర్చేవారు. పై అరలో పెట్టేది దాని బుద్ధి, కింది అరలో పెట్టేది మన రాత అని అప్ప చెప్పేది. పాపం, దానికి సొంత బుద్ధి లోపలుండేది కాదు. రోజూ పొద్దున్నే మనం పెట్టాలి, అది కిర్రుకిర్రుమని నమిలి నేర్చుకోవాలి. మనం టైపు కొట్టింది కూడా ఫ్లాపీ మీదకి దింపితేనే మిగిలేది. దింపకముందు కరెంటు పోయిందా, అంతే సంగతులు.

పక్కన అచ్చు వేసే మిషను. అది చిన్న చిన్న సూదులతో చుక్కలు పొడిచి అక్షరాలు చేసేది. దాని కాయితానికి రెండు అంచులా చిల్లుల పట్టీలుండేవి. ఆ పట్టీలు చింపడం నాకిచ్చిన పని, చింపినవి నావే. నీళ్ళపొయ్యి రాజెయ్యడానికి అంత మంచివి లేవు. వృథా పోనిచ్చే రకం కాదు నేను, అప్పుడూ ఇప్పుడూ.

అప్పకి ఆ షాపే గతి. వాళ్ళ నాన్న అప్పటికే రొయ్యల కంపెనీలో మాట్లాడి ఉంచాడు. ఐసు నీళ్ళల్లో పొద్దల్లా నిలబడి రొయ్యలు ఒలిచే పని. మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లల వేళ్ళు అలాగే తెల్లగా నాని పగిలిపోయాయి. "ఆ పెట్టె ముందు కూకుని టకటకలాడిస్తే కూడెడతాదేటి" అని ఆయన రోజూ సణుగుడు. మావయ్య పరిస్థితీ అంతంతమాత్రమే. కంప్యూటరు తెచ్చి నెలలయినా పెద్ద పనంటూ తగల్లేదు. చివరికి ఒక ప్రైవేటు స్కూలు నుంచి పరీక్ష పేపర్ల పని వచ్చింది. చెప్పిన సాయంత్రానికి పేపర్లు చేతికిస్తే ఏడాది పొడుగునా పని మీకే, లేకపోతే లేదు అని స్కూలు సారు కచ్చితంగా చెప్పి వెళ్ళాడు. ఇది పోతే పెట్టెని ఆటోనగర్ పాతసామాన్ల వాడికి తోలేస్తానని మావయ్య అప్ప ఎదురుగానే అన్నాడు. అంటే అప్ప రొయ్యలకి పోవాల్సిందే.

గడువు రోజు రానే వచ్చింది, సాయంత్రానికి పేపర్లు ఇవ్వాలి. నేను క్యారేజీ పట్టుకెళ్ళి అక్కడే చతికిలబడ్డాను. అప్ప లెక్కలు, సోషల్ అన్నీ ముందే కొట్టి ఫ్లాపీలోకి దింపేసింది. ఆఖరిది సైన్సు. అది కూడా పూర్తిచేసి చేతులు విదిలించిందో లేదో, టప్పుమని ఒక చప్పుడు. తెర నడిమధ్యన ఒక్క చుక్క మెరిసి ఆరిపోయింది. కాలిన వైరు వాసన. తెరలో మా ముగ్గురి మొహాలు తప్ప ఇంకేం లేవు.

మావయ్య నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "సచ్చిపోనాది. బంగారం లాటి మిషన్లు రెండు అమ్మి దీన్ని తెచ్చినాను సూడు, నన్ను సెప్పుచ్చుకు కొట్టాలి" అంటూ రేడియో మొరాయిస్తే చేసినట్టే ఆపి మళ్ళీ వేద్దామని గోడ స్విచ్ మీద చెయ్యేశాడు. అప్ప కుర్చీ తన్నుకుంటూ లేచి ఆ చెయ్యి పట్టేసుకుంది.

"నీకు దండమెడతాను మావయ్యా, అది ముట్టుకోకు. సైన్సు ఇంకా దింపనేదు. పెట్టె సచ్చిపోనేదు, సూడు." మీటల పలక మూల ఒక మీట నొక్కింది. చిన్న పచ్చదీపం వెలిగింది. మళ్ళీ నొక్కితే ఆరింది. "మాటింటంది. పోనాది తెరొక్కటే. మనకి కనపడ్డం నేదు గానీ అది బతికే ఉంది."

"దీపం ఎలిగితే ఏటమ్మా? మా ఇంట్లో దేవుడి కాడా ఎలుగుతాది. అక్కడేటి పేపర్లు అచ్చవుతన్నాయా?" అన్నాడు మావయ్య.

అప్ప కాలిన తెర తీగ పీకి పక్కన పెట్టింది. "ఒలే గుంటా, ఇలా రా. పెట్టెకి సెవి ఆనించి కింది అర దీపం మీద కన్నెయ్యి. దీపమెలిగినా సప్పుడయినా సెప్పు" అని నాకు పని పురమాయించింది. తను మాత్రం కళ్ళు మూసుకుంది. ఆ నల్లటి తెరని చూస్తుంటే మీటల వరస మర్చిపోతున్నానని తరవాత చెప్పింది. మూసుకున్న కళ్ళలో తనకి తెలిసిన తెరే కనబడిందట.

మీటల మీద వేళ్ళు ఉంచిందో లేదో, వచ్చింది గూడ్సు రైలు. పోర్టు నుంచి బొగ్గు మోసుకుపోయేది, ఒక పట్టాన తెమిలేది కాదు. బల్ల, కిటికీ, క్యారేజీ గిన్నెలు అన్నీ గలగలమన్నాయి. ఏ చప్పుడు పెట్టెదో ఏది రైలుదో తెలిసే దారిలేదు. అప్ప వేళ్ళు కదపలేదు. కరెంటు పోకూడదని మావయ్య ఉన్న దేవుళ్ళందరికీ మొక్కేశాడు. రైలు చివరనుండే గార్డు పెట్టె కూడా దాటిపోయి మళ్ళీ కాకుల అరుపు వినబడ్డాకే ఆవిడ ఒక మీట నొక్కిపట్టి రెండు అక్షరాలు కొట్టింది.

పెట్టె లోపల కిర్రుమంది. కింది అరలో ఎర్రదీపం.

"ఎలిగిందప్పా! నములుతంది, నములుతంది!" అని గెంతేశాను.

సైన్సు ఫ్లాపీలోకి దిగిపోయింది. ఇక అచ్చు వేసెయ్, బేగి కానీ అని మావయ్య తొందర. అప్ప తల అడ్డంగా ఊపింది. అప్పుడావిడ అన్న మాట నా చెవుల్లో అలాగే ఉంది. "ఇప్పుడు నానెక్కడున్నానో నాకే సరిగ్గా తెల్దు మావయ్యా. తెల్నికాడి నుంచి అడుగేస్తే గోతిలో పడతాం. నాకు బాగా తెలిసిన గుమ్మం కాడికి ఎనక్కెల్లి, అక్కడి నుంచి నడిసొస్తాను." అని, పెట్టెని మళ్ళీ మొదట్నుంచి లేచేలా మూడు మీటలు కలిపి నొక్కింది. ఇన్నాళ్ళూ అది లేవగానే ఒకసారి కుయ్యిమనేది. ఇప్పుడూ కుయ్యిమంది. పై అరలో బుద్ధి నమిలే చప్పుడు మొదలై ఆగింది. అప్ప కళ్ళు మూసుకునే ఒక్కో అక్షరం నోటితో చెప్పుకుంటూ, లెక్కల పేపరు తీసి అచ్చు మిషనుకి పంపమని కొట్టింది. ఎంటర్ అనే పెద్ద మీట నొక్కింది.

ఏమీ లేదు. అచ్చు మిషను కదల్లేదు.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ అంతే. మావయ్య గుమ్మంలోకి పోయి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. అప్ప మూసిన కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. నేను పెట్టెకి ఆనించిన చెవి తియ్యకుండా ఆలోచిస్తున్నాను, ఎక్కడో ఏదో తక్కువైంది. రోజూ పొద్దున్న షాపు వాకిలి ఊడుస్తూ ఆ చప్పుళ్ళు వినేదాన్ని. కుయ్యి, కిర్రు, ఆ తరవాత టక్, టక్.

"అప్పా, దానికి దండం పెట్టనేదు నువ్వు" అన్నాను.

"ఏటి?"

"పొద్దున్నే అది లెగ్గానే పెద్ద మీట రెండుసార్లు కొడతావు కదా, దండం ఎట్టినట్టు. ఇయాల కొట్టనేదు."

అప్ప కళ్ళు తెరిచి నన్నలాగే చూసింది. ఏడుస్తున్న మనిషి ఒక్కసారి పకపకా నవ్వింది. "తారీకే! ఒలమ్మో, తారీకూ టైమూ అడుగుతాది కదే!" అని నెత్తి కొట్టుకుంది. అది లేవగానే ఇవాళ తారీకెంత, టైమెంత అని తెరమీద అడుగుతుందట. ఏం చెప్పకుండా పెద్ద మీట రెండుసార్లు కొడితే ఊరుకుంటుందట. అది తారీకు అడుగుతుంటే ఈవిడ లెక్కల పేపరంటోంది, ఎలా కుదురుతుంది? గుమ్మం ఇంకో రెండడుగులు వెనకుంది, అంతే.

మళ్ళీ లేపింది. కుయ్యి. కిర్రు. టక్, టక్. ఆ తరవాత అక్షరాలు. అచ్చు మిషను ఒక్కసారి ఉలిక్కిపడినట్టు కదిలి, కీచుమంటూ సూదులు పొడవడం మొదలెట్టింది. కాయితం వరస వరసగా పైకి లేస్తోంది, లెక్కలు, ఒకటో ప్రశ్న, రెండో ప్రశ్న! మావయ్య పరుగున వచ్చి భుజమ్మీద తువ్వాలు తీసి పెట్టెకి విసరడం మొదలెట్టాడు. "ఒలే నా తల్లే, నా బంగారమే" అని ఆయన పొగిడింది పెట్టెనో అప్పనో నాకు తెలీలేదు. నేను పట్టీలు చింపడం కూడా మర్చిపోయి చప్పట్లు కొడుతున్నాను.

స్కూలు సారు వచ్చేసరికి సైన్సు అచ్చవుతోంది. ఆయన చెప్పులు విప్పి లోపలికొచ్చి, చీకటి తెరనీ కదిలే కాయితాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఇదేటయ్యా, టీవీ ఆర్పేసి అచ్చేస్తన్నారు?"

మావయ్య ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. "మా పిల్లకి సూడక్కర్నేదు సారూ. అంతా కంటపాఠం."

ఏడాది పని వచ్చింది. ఇంకో తెర వచ్చింది. రొయ్యల కంపెనీ మాట వాళ్ళ నాన్న మళ్ళీ ఎత్తలేదు. పోను పోను ఆ షాపు అప్ప చేతికే వచ్చింది. మా వీధి ఆడపిల్లలు ఎందరో ఆవిడ దగ్గరే మీటలు నేర్చుకున్నారు.

నాకు ఆ భాగ్యం కలగలేదు. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, పిల్లలు చేతికందకముందే ఆయన పోయారు. ఆ రోజుల్లో చుట్టాలు తలోమాట చెప్పేవారు. ఊరెళ్ళిపొమ్మని ఒకరు, అచ్యుతాపురం ఫ్యాక్టరీలో చేరమని ఒకరు, పిల్లల్ని తలో ఇంట్లో పెట్టమని ఒకరు. ముందంతా నల్లటి తెర. అప్పుడు గోడకి చేరబడి కళ్ళు మూసుకుని, నాకు ఖాయంగా తెలిసిందేమిటని నన్ను నేనే అడిగాను. పప్పు నానబెట్టడం తెలుసు, పిండి రుబ్బడం తెలుసు. మర్నాడు అక్కణ్ణుంచే మొదలుపెట్టాను. ఆటోనగర్ షెడ్ల మధ్య ఇడ్లీ బండి పెట్టాను. ఇవాళ అదే చోట నా సొంత హోటలుంది. ముగ్గురు పిల్లల్నీ నా దగ్గరే ఉంచుకుని చదివించాను, ఒక్కరినీ ఎవరింటికీ పంపలేదు.

ఇప్పటికీ ఏదైనా దిక్కు తోచకపోతే గాభరాపడి స్విచ్ మీద చెయ్యి వెయ్యను. కళ్ళు మూసుకుంటాను. తెలిసిన గుమ్మం దొరికేదాకా వెనక్కి వెళతాను. అది కాలికి తగిలిందంటే ఇక నాకు వెలుతురుతో పని లేదు.