మూడు నీళ్ళు కడిగిన రేడియేటర్

ఆ రోజుల్లో ఫోన్లలో నెట్ అప్పుడే చవకైంది. అంతవరకు ఏ పని ఎవరికి వస్తే వాళ్ళ దగ్గరికే పోయి చేయించుకుంటూ బుద్ధిగా బతికిన జనం, మూడు నెలలు తిరిగేసరికి సర్వజ్ఞులైపోయారు. మా వీధిలో ఒకాయన వీడియో చూసి తన పన్ను తానే పీక్కున్నాడు (పక్క పన్ను ఊడి వచ్చింది, అది వేరే సంగతి). నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. మెకానికల్ డిప్లొమా చేతికొచ్చి ఏడాదైంది. ఆ మూడేళ్ళ చదువులో పానా పట్టుకోవలసిన అవసరం నాకు ఒక్కసారి కూడా రాలేదు. బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, పక్కన పేర్లు రాస్తే మార్కులు పడేవి. ఆర్మూర్‌లో ఒక విత్తనాల గోదాములో సూపర్‌వైజర్ అనే హోదాలో బస్తాల మీద చీటీలు అంటించేవాణ్ణి. అయినా ఇంట్లో నన్ను ఇంజినీర్ అని పిలిచేవాళ్ళు. పిలవడం వాళ్ళ తప్పు కాదు, నమ్మడం నా తప్పు.

మా బాపు పసుపు రైతు. ఒక ఏడు పంటకు మంచి ధర పలికితే పాత తెల్ల కారు ఒకటి కొన్నాడు. చేనుకు, మార్కెట్ యార్డుకు, మళ్ళీ ఇంటికి, ఇంతే ఆయన ప్రయాణం. అది కూడా ఎడ్లబండి తోలినంత నిదానంగా తోలేవాడు. దిగాక బానెట్ మీద రెండు సార్లు తట్టి మరీ లోపలికి వచ్చేవాడు. నాకు ఆ కారును చూస్తే అన్నీ లోపాలే కనిపించేవి. దానికి సరైన వైద్యుడు దొరకలేదనీ, ఆ వైద్యుడు నేనేననీ నా ఉద్దేశం.

అవకాశం మా బావ రూపంలో వచ్చింది. బావ ఊరు ముప్కాల్. దుబాయ్‌లో క్రేన్ నడుపుతాడు, రెండేళ్ళకోసారి నెలరోజుల సెలవు మీద వస్తాడు. సెలవు అని కంపెనీ అంటుంది గానీ, ఆ నెలంతా ఆయనకు డ్యూటీయే. ఒక పెళ్ళి, రెండు గృహప్రవేశాలు, మూడు పరామర్శలు, మధ్యలో "మావోనికి గూడ ఓ వీసా సూడు బిడ్డా" అంటూ వచ్చేవాళ్ళకు టీలు. చివరి రెండు రోజులకు అక్కతో కలిసి మా ఇంటికి వచ్చాడు. ఆ మర్నాడు మధ్యాహ్నం మూడింటికి హైదరాబాద్‌లో విమానం. ఒక్కరోజు ఆలస్యమైనా కంపెనీవాళ్ళు ఊరుకోరనీ, తనతో పనిచేసే ఒకతను అట్లాగే నౌకరి పోగొట్టుకుని ఇంటికొచ్చి కూర్చున్నాడనీ బావ చెప్పాడు. బాపు టాక్సీ మాట్లాడతానన్నాడు.

"మన కారుండంగ టాక్సీ ఎందుకు బాపు? నేను తోలుత," అన్నాను.

"గంత దూరం పోతదారా గిది?"

"బండి సంగతి నాకిడిసిపెట్టు."

పసుపు ఉడకబెట్టే రోజులు కావడంతో బాపుకు నాతో వాదించే తీరిక లేదు. చేనుకు వెళ్ళిపోయాడు. నేను రేడియేటర్‌లో పాత కూలెంట్ తీసేసి, కడిగి, కొత్తది పోసే వీడియోను నాలుగోసారి చూసి చొక్కా చేతులు పైకి మడిచాను.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాను (వీడియోవాడు చెప్పిన జాగ్రత్తల్లో నేను పాటించింది ఇదొక్కటే). కారు కిందికి దూరి, అమ్మ బట్టలు నానబెట్టే టబ్బు పెట్టి, రేడియేటర్ అడుగున ఉన్న చిన్న మర తిప్పాను. పైన మూత తీయగానే చిక్కటి పసుపుపచ్చ నీళ్ళు బొళబొళా పడ్డాయి. వీడియోలో తుప్పు రంగు నీళ్ళు పడ్డాయి. తేడా కనిపించినప్పుడు తెలివైనవాడు ఆగి ఆలోచిస్తాడు. నేను సంతోషించాను. వాడి రేడియేటర్ కంటే మాది ఎక్కువ పాడైంది, కాబట్టి బాగుచేసిన ఘనత కూడా ఎక్కువే దక్కుతుందని లెక్క వేసుకున్నాను. నీళ్ళ పైపు పట్టుకుని నిలబడ్డ బావ మాత్రం ముక్కు ఎగబీల్చాడు.

"బామ్మర్దీ, పసుపు వాసనొస్తుంది గదరా."

"ఆర్మూర్ల పసుపు వాసన గాక అత్తరు వాసనొస్తదా బావా?"

నా జవాబు నాకే ముచ్చటేసింది. అందులో అబద్ధం కూడా లేదు. ఇంటి ముందూ వెనకా మిద్దె మీదా పసుపు కొమ్ములు ఆరుతున్నాయి. ఆ కాలంలో మా ఊరివాళ్ళ ముక్కు పసుపు వాసనను అసలు పట్టించుకోదు. బావ ముక్కు రెండేళ్ళు ఎడారిలో ఉండి కొత్తదై తిరిగొచ్చింది. ఆ పూట మా వాకిట్లో సక్రమంగా పనిచేసిన యంత్రం అదొక్కటే, దాన్ని నేను మాట్లాడనివ్వలేదు.

తర్వాత మంచినీళ్ళు నింపి, ఇంజిన్ నడిపి, హీటర్ పూర్తిగా తిప్పి, లోపల ఒకరు కూర్చుని వేడిని చూపించే ముల్లును కనిపెట్టుకుని ఉండాలి. మార్చి నెల ఎండలో అద్దాలు ఎత్తిన కారులో హీటర్ ముందు కూర్చునే భాగ్యం బావకు ఇచ్చాను.

"గాడ దుబాయ్‌ల గూడ ఎండనే, సెలవుల గూడ ఉడకబెడ్తున్నవేందిరా?"

"ముల్లు సగం దాటితె చెప్పు బావా, ఊకె మాట్లాడకు."

అట్లా నింపడం, నడపడం, చల్లారేదాకా ఆగడం, వదలడం. మూడు నీళ్ళు కడిగాను. మధ్యలో అక్క రెండుసార్లు గడప దాకా వచ్చింది. "అయిందారా? పెట్టె సదురుకునేది ఉన్నది, జర ఆయనను తోలియ్యి," అంది. "ఆగక్కా, టెక్నికల్ పని," అని తిప్పి పంపాను. పొద్దు వంగేసరికి రేడియేటర్ నుంచి తాగడానికి పనికొచ్చేంత తేటనీళ్ళు వచ్చాయి. మర బిగించి, ఆకుపచ్చ కూలెంట్ మూతి దాకా పోశాను. కారు కింద పచ్చటి చుక్క ఒకటి కనిపించింది. పోసేటప్పుడు ఒలికిందనుకుని గుడ్డతో తుడిచేశాను. కాసేపటికి ఇంకో చుక్క పడింది. దాన్ని కూడా తుడిచాను. శుభ్రత విషయంలో ఆ రోజు నాకు సాటి లేరు.

మర్నాడు పొద్దున ఏడింటికి బయల్దేరాం. పక్కన బాపు, వెనక అక్కాబావలు, వాళ్ళిద్దరి మధ్య డిక్కీలో పట్టని సంచి ఒకటి. డిచ్‌పల్లి దాటాక ముల్లు సగం దాటింది. చూశాను, ఎవరికీ చెప్పలేదు. "గాలి మంచిగున్నది, అద్దాలు దింపుకోండ్రి," అని ఏసీ ఆపేశాను. ఇంకాస్త దూరం పోయాక ముల్లు ఎర్ర గీతను తాకింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ఇక దాచడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. రోడ్డు పక్కకు తీసి ఆపాను.

"ఏమైందిరా?" అన్నాడు బాపు.

"ఏం లేదు బాపు, సెన్సార్." (తెలియని ప్రతిదాన్నీ సెన్సార్ అనొచ్చని కూడా వీడియోల్లోనే నేర్చుకున్నాను.)

బాపు దిగి, వంగి, కిందికి చూసి, తడిలో వేలు ముంచి పైకెత్తాడు. "గీ పచ్చటిదేంది?"

"కూలెంట్ బాపు. నిన్న పాతదంత తీసేసి మూడు నీళ్ళు కడిగిన. మస్తు గలీజుండె లోపట, అంత పసుపు..." అంటూ ఆ మాట దగ్గర నాకు నేనే ఆగిపోయాను.

"గలీజు గాదురా, నేనేసిన పసుపది. రేడియేటర్‌కు సన్న తూటు వడ్డది. రెండు చెంచాలేస్తె పూడిపోయింది. ఏడాది నుంచి సుక్క కార్లె. నిన్నెవలు కడగమన్నరు?"

నన్నెవరూ కడగమనలేదు. ఊళ్ళో ప్రతి డ్రైవరుకూ తెలిసిన కిటుకు ఇంట్లో ఉన్న ఇంజినీరుకు తెలియలేదు, అంతే. బావ గడియారం చూసుకున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది. టాక్సీవాళ్ళకు ఫోన్ చేస్తే వచ్చేసరికి రెండు గంటలు పడుతుందన్నారు. బావ నౌకరి పోతే అది నా చేతుల మీదుగా పోయినట్టే, అక్కకు ఇక జన్మలో ముఖం చూపించలేను. నాకు నిజంగా ఏడుపొచ్చింది. బాపు నా వంక చూడకుండా అక్క వైపు తిరిగాడు.

"బిడ్డా, పెట్టెల పసుపు వెట్టినవా?"

"అర్ధకిలో వెట్టిన బాపు. అడుగున ఉన్నది."

అడుగునే ఉంటుంది మరి. పెట్టెకు చుట్టిన తాడు విప్పి, టేపు చింపి, లుంగీలు, సకినాలు, మామిడికాయ తొక్కు సీసా, అన్నీ రోడ్డు పక్కన వేపచెట్టు కింద పరిచారు. దుబాయ్ పోవలసిన పసుపు డిచ్‌పల్లి అవతలే దిగింది.

"సల్లారే దాక మూత మీద చెయ్యెయ్యకు," అన్నాడు బాపు. "నువ్వు పోయి నీళ్ళు పట్కరాపో."

రెండు డబ్బాలు పట్టుకుని మొక్కజొన్న చేలకడ్డంగా బోరు దాకా పోయాను. కరెంటు లేదు. అది వచ్చేదాకా అక్కడే నిలబడి నన్ను నేను తిట్టుకున్నాను. తిరిగి వచ్చేసరికి అక్కాబావలు చెట్టు కింద పెట్టెకు చెరోపక్క కూర్చుని బట్టలు మడతపెడుతున్నారు. బావ ఏదో అన్నాడు, అక్క లుంగీతో ఆయన భుజం మీద ఒకటి వేసి పగలబడి నవ్వింది. నన్ను చూసే నవ్వుతున్నారనుకుని తల దించుకున్నాను. బాపు మాత్రం వాళ్ళకు వీపు పెట్టి, ఎత్తిన బానెట్ ముందు ఇంజిన్‌ను దీక్షగా చూస్తూ నిలబడి ఉన్నాడు.

"సల్లారిందా బాపు?"

"సల్లార్లె. ఇంకో పది నిమిషాలు ఆగు," అన్నాడు మెల్లగా.

ఆయన అరచెయ్యి రేడియేటర్ మూత మీదే ఉంది. తీరిగ్గా ఆనించి ఉంది. కాలే మూత మీద ఎవరూ అట్లా చెయ్యి పెట్టుకుని నిలబడరు. మెకానికల్ డిప్లొమా ఉన్నవాణ్ణి, అంత చిన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

పది నిమిషాల తర్వాత నీళ్ళు పోసి, రెండు చెంచాల పసుపు వేసి, ఇంజిన్ నడిపాం. కారడం తగ్గింది, చుక్కలైంది, ఆగింది. దారి పొడవునా ఆగి చూసుకుంటూ, బాపు వేగంతోనే తోలుకుంటూ పోయాను. విమానాశ్రయంలో కౌంటర్ మూసేయబోతుంటే బావ పెట్టె ఈడ్చుకుంటూ లోపలికి పరుగెత్తాడు. ఆయన నౌకరి నిలబడింది. అక్కకు అద్దం తలుపు అవతల ఆయన వీపు మాత్రమే కనిపించింది.

తిరుగు దారిలో కామారెడ్డి దాకా వచ్చాం. చివరికి నేనే అన్నాను, "తప్పయిందక్కా. నా తోటి బండి ఆగిపోయె."

"ఆగితె ఏమాయెరా తమ్మీ," అంది కిటికీలోంచి బయటికి చూస్తూ. "నెల రోజుల్ల మేమిద్దరం ఓ కాడ కూసోని మాట్లాడుకున్నది గా చెట్టు కిందనే."

ముందు రోజు పొద్దంతా బావను హీటర్ ముందు కూర్చోబెట్టిన సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. అద్దంలో అక్క కళ్ళు చూసే ధైర్యం లేక రోడ్డునే చూశాను. బాపు కళ్ళు మూసుకుని ఉన్నాడు, నిద్రపోవడం లేదు.

ఇప్పుడు నాకు సొంత కారుంది. దాని కూలెంట్ యూనిఫాం వేసుకున్న కుర్రాడెవరో మారుస్తాడు, నేను ఏసీ గదిలో కూర్చుని పాత పత్రిక తిరగేస్తాను. వీడియోలు చూడటం మానలేదు గానీ పానా మాత్రం పట్టడం లేదు. బావ ఇంకా దుబాయ్‌లోనే ఉన్నాడు, సెలవు ఇంకా నెలే. మోకాళ్ళ నొప్పులతో బాపు అంత దూరం రావడం లేదు. పోయిన నెల బావను విమానం ఎక్కించడానికి నేనే తీసుకుపోయాను, అక్క కూడా వచ్చింది. వెనక సీట్లో బావ ఫోన్‌లో ఎవరికో వీసా సంగతి చెబుతున్నాడు, అక్క బయటికి చూస్తోంది. డిచ్‌పల్లి దాటాక ఒక చెట్టు నీడ చూసి కారు పక్కకు తీసి ఆపాను.

"ఏమైందిరా బామ్మర్దీ?"

"ముల్లు లేసింది బావా. జర టైం వడ్తది. మీరు గా చెట్టు కింద కూసోండ్రి."

బండికి ఏమీ కాలేదు. బానెట్ ఎత్తి, వాళ్ళకు వీపు పెట్టి, ఏ లోపమూ లేని ఆ ఇంజిన్‌ను అరగంట సేపు దీక్షగా చూస్తూ నిలబడ్డాను.