బోణీ చెయ్యి

మంచికి పోతే చెడు ఎదురైందంటారు. నాకు ఎదురైంది పొగడ్త. చెడైతే తిట్టిపోసి ఊరుకునేదాన్ని.

వరంగల్ చౌరస్తా దగ్గర ఒక చీరల దుకాణంలో పనిచేసేదాన్ని. పొద్దున షాపు తెరిపించి, గడప కడిగి, దీపం పెట్టి, మొదటి బేరం చేసేది సేటు భార్య. ఆమెకు జ్వరం వచ్చిన రోజు, ముందుగా వచ్చాను కదా అని ఆ పనంతా నేను చేశాను. ఎవరు వెలిగించినా దీపం దీపమే అనుకున్నాను. ఒత్తి నిలబడి వెలగకముందే వర్ధన్నపేట నుంచి పెళ్లివాళ్లు దిగారు. బేరమాడకుండా పట్టుచీరలు కట్టించుకుపోయారు.

సేటు నా చేతుల వంక చూశాడు. "నీ చెయ్యి మంచిగున్నదమ్మా. రేపటిసంది జర ముందుగాల రా. బోణీ నువ్వే చెయ్యాలె."

"పొద్దుగాల పిల్లకు జడలెయ్యాలె సేటూ."

"గంతేనా! లక్ష్మి వస్తాంటే వద్దంటమా?"

మర్నాటి నుంచి ముందుగానే పోయాను. జీతం అదే, పని ఎక్కువ, చెయ్యి మాత్రం మంచిదైంది. సేటమ్మ కోలుకున్నాక కూడా ఎండెక్కితే గానీ వచ్చేది కాదు. నాకు ఒళ్లు మండేది.

మేముండేది హసన్‌పర్తిలో. మొదటి బస్సు ఎక్కితేనే షాపుకు అందుతాను. మా ఆయన అంతకంటే ముందే మిర్చి యార్డుకు హమాలీ పనికి పోయేవాడు. మా అమ్మాయికి నడుము దాకా జుట్టు. రోజూ నా మోకాళ్ల మధ్య కూర్చుని, నేను తల దువ్వుతుంటే బడి ముచ్చట్లన్నీ చెప్పేది. ఎవరు ఎవరితో కటీఫ్ అయ్యారో, ఎవరి డబ్బాలో ఏం కూరో. మేమిద్దరం తీరుబడిగా మాట్లాడుకునేది ఆ కాసేపే. కొత్త పని వచ్చాక తొందరగా నిద్రలేపి జడలేయబోతే కూర్చునే జోగేది. ముచ్చట్లు పోయాయి. జాలేసి లేపడం మానేశాను.

కొన్నాళ్లు తనే వేసుకుంది, ఒకటి పైకి, ఒకటి కిందికి. బడిలో నవ్వారట. ఆ సంగతి నాకు పక్కింటామె చెప్పింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం షాపు నుంచి వచ్చేసరికి అది వాకిట్లో కూర్చుని ఉంది. తలకు మగపిల్లల క్రాపు.

"గిట్లెందుకు చేసినవ్ బిడ్డా?"

"బాపు తీస్కపోయి కత్తిరిపిచ్చిండు, నేనే అడిగిన. నీకు టైం దొర్కుతలేదు గదమ్మా. ఇగ ఫికర్ చెయ్యకు."

నా కష్టం తీర్చానన్న సంబరం దాని ముఖంలో. తిట్టలేకపోయాను, దాని ముందు ఏడవనూలేకపోయాను. తల నిమిరాను. అలవాటు కొద్దీ వేళ్లు పాయలు తీయబోయాయి. ఏమీ అందలేదు.

మర్నాడు మళ్లీ అదే బస్సెక్కి పోయి దీపం పెట్టాను. బోణీ బాగానే అయింది.